ప్రీమియం బాండ్లలో 30 వేల పౌండ్లు పెట్టొచ్చా? 3.60 శాతం నిజంగా చేతికొస్తుందా?

కృష్ణవేణి77 | 6 డిసెంబరు 2025

అందరికీ నమస్కారం. అత్యవసర ఖర్చులకని దాచింది ఈజీ యాక్సెస్ ఖాతాలో (ఎప్పుడైనా డబ్బు తీసుకోగలిగే పొదుపు ఖాతా) విడిగా ఉంది. ఈ ఏడాది ఐసా (రాబడిపై పన్ను పడని బ్రిటన్ పొదుపు ఖాతా) కోటా 20,000 పౌండ్లూ నిండిపోయింది. అది పోను ఇంకో 30,000 పౌండ్లు ఉన్నాయి. రెండేళ్ల దాకా దాంతో పని పడదు. షేర్ల జోలికి వెళ్లే ఉద్దేశం లేదు. నా జీతం 40 శాతం పన్ను కిందికి వస్తుంది.

బ్రిటన్ ప్రభుత్వ పొదుపు సంస్థ ఎన్ఎస్ అండ్ ఐ వాళ్ల ప్రీమియం బాండ్లకు 3.60 శాతం అని చూశాను. అంటే ఏడాదికి 1,080 పౌండ్లు వస్తాయని అనుకోవచ్చా? నెలలో ఎప్పుడు కొంటే మంచిది? పిల్లల పేరున కొంటే ఏమైనా లాభం ఉందా? వివరంగా తెలిసినవారు చెప్పగలరు.

లెక్కలమాస్టారు | 6 డిసెంబరు 2025

కృష్ణవేణి గారూ, 3.60 అనేది వడ్డీ రేటు కాదు. అందరి బాండ్ల మొత్తం మీద 3.60 శాతం లెక్కగట్టి, అందులో పన్నెండో వంతును ప్రతి నెలా డ్రా తీసి బహుమతులుగా పంచుతారు. ఆ పంపకం అందరికీ సమానంగా జరగదు. 25 పౌండ్ల నుంచి పది లక్షల పౌండ్ల దాకా ముక్కలు చేసి పంచుతారు.

2025 ఆగస్టు డ్రా నుంచి 2025 డిసెంబరు నాటికి నడుస్తున్న లెక్క ఇది. ఒక్కో పౌండు ఒక్కో బాండు. ఒక్కో బాండుకు ఒక నెలలో ఏదో ఒక బహుమతి తగిలే అవకాశం 22,000లో ఒకటి. బహుమతి నిధిలో 80 శాతం చిన్న బహుమతులకు (25, 50, 100 పౌండ్లు), 10 శాతం మధ్యరకానికి (500, 1,000), మిగతా 10 శాతం 5,000 నుంచి పది లక్షల దాకా ఉండే పెద్ద బహుమతులకు పోతుంది. పది లక్షల బహుమతులు నెలకు రెండు.

ఇప్పుడు మీకు పనికొచ్చే అంకె చూడండి. 3.60లో 80 శాతం అంటే 2.88. ఐదొందలు, ఆ పైవి ఒక్కటీ తగలని మనిషికి సగటున వచ్చేది అంతే. మీ 30,000 మీద అది 864 పౌండ్లు. అది కూడా సగటు మాత్రమే. ఆ మొత్తానికి ఏడాదిలో 16 బహుమతులు తగలొచ్చు. చిన్నవే తగిలినా ఒకరికి వందలు ఎక్కువ పడతాయి, ఇంకొకరికి పాతికలు ఎక్కువ పడతాయి. ఇంత పెట్టినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి చిన్న బహుమతుల రూపంలో సుమారు 600 నుంచి 1,100 మధ్య వస్తుంది. 500 లేదా అంతకు పైది ఏడాదిలో ఒక్కటైనా తగిలే అవకాశం ఆరింట ఒకటి.

నాలుగు నెలల్లో ఒక నెల ఏమీ రాదు. అది మామూలే, బాండ్లలో ఏదో తేడా ఉందని కంగారు పడొద్దు.

ఉత్తరగాలి | 6 డిసెంబరు 2025

ఇంత తర్జనభర్జన దేనికండీ? పెట్టిన సొమ్ముకు ట్రెజరీ (బ్రిటన్ ఆర్థిక శాఖ) హామీ నూటికి నూరు శాతం ఉంది, ఎంత పెట్టినా పూచీ వాళ్లదే. బ్యాంకుల్లో అయితే డిపాజిట్ బీమా 2025 డిసెంబరు 1 నుంచి 1,20,000 పౌండ్లకు పెరిగింది కానీ దానికీ ఒక హద్దు ఉంది. బహుమతుల మీద ఆదాయపు పన్ను లేదు, క్యాపిటల్ గెయిన్స్ (లాభం మీద) పన్ను లేదు, సెల్ఫ్ అసెస్‌మెంట్ (సొంతంగా దాఖలు చేసే పన్ను రిటర్న్)లో చూపనక్కర్లేదు. ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు, కోత ఉండదు. 40 శాతం పన్ను కట్టేవారికి ఇంతకన్నా ఏం కావాలి? పన్నులేని 3.60 అంటే, పన్ను కట్టే ఖాతాలో 6 శాతంతో సమానం. 6 శాతం ఇచ్చే ఈజీ యాక్సెస్ ఖాతా చూపించండి.

లెక్కలమాస్టారు | 6 డిసెంబరు 2025

ఉత్తరగాలి గారూ, హామీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. 6 శాతం మాటతోనే ఇబ్బంది. 3.60 మొత్తంగా రావాలంటే పెద్ద బహుమతుల్లో కూడా మన వాటా మనకు రావాలి. మార్కెట్లో ఉన్న బాండ్లు సుమారు 13 వేల కోట్లు. 30,000 పెట్టినవారికి ఒక ఏడాదిలో పది లక్షల బహుమతి తగిలే అవకాశం సుమారు 1,80,000లో ఒకటి. ఆ వాటాను ఏటా వచ్చే రాబడిలా లెక్కలో కలపకూడదు. 2.88ని 40 శాతం పన్నుతో సరిపోలిస్తే 4.8 అవుతుంది. 6కూ 4.8కూ చాలా దూరం.

ఇంకోటి. పెట్టే మొత్తం తగ్గేకొద్దీ సగటు అనే మాటకు అర్థం పోతుంది. 100 పౌండ్లు పెట్టినవారిలో దాదాపు 95 శాతం మందికి ఏడాదంతా సున్నా. 1,000 పెట్టినవారిలో 58 శాతం మందికి సున్నా. 5,000 దగ్గర అది ఆరేడు శాతానికి దిగుతుంది. 10,000 దాటితే ఏడాదంతా ఖాళీగా పోయేది రెండు మూడు వందల మందిలో ఒకరికే. చిన్న మొత్తాలకు ఇది పొదుపు పథకమని చెప్పడం నాకు నచ్చదు. మామూలు ఖాతాలో 1,000 మీద 40 పౌండ్లు ఖాయంగా వస్తుంటే, సగానికి పైగా జనం సున్నాతో మిగిలే చోట పెట్టమని ఎలా చెప్తాం?

సుధారాణి_ఎమ్ | 7 డిసెంబరు 2025

పన్ను కోణం సరిగ్గా చూడాలంటే ముందు ఒకటి తేలాలి. మీ పర్సనల్ సేవింగ్స్ అలవెన్స్ ఇంకా మిగిలి ఉందా? 20 శాతం వారికి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్ను లేదు. 40 శాతం వారికి 500. 1,25,140 పౌండ్లు దాటిన 45 శాతం వారికి అసలు లేదు. ఐసా వడ్డీ ఈ లెక్కలోకి రాదు.

4 శాతం ఇచ్చే ఖాతా దొరికిందనుకుందాం. 30,000 మీద వడ్డీ 1,200. కృష్ణవేణి గారి అలవెన్స్ మొత్తం ఖాళీగా ఉంటే 500 పోను 700 మీద 280 పన్ను, చేతికి 920. అత్యవసర నిధి వడ్డీతోనే ఆ 500 ఖర్చయిపోయి ఉంటే 1,200 మొత్తం మీద 480 పన్ను, చేతికి 720. ప్రీమియం బాండ్ల వైపు 864. అంటే అలవెన్స్ మిగిలి ఉంటే ఖాతా మేలు, అయిపోతే బాండ్లు మేలు. అదే 20 శాతం పన్నువారైతే ఖాతాలో 1,160 మిగులుతుంది, అక్కడ బాండ్లు పోటీకి నిలబడవు.

అత్యవసర నిధి 12,500 దాటి ఉంటే, 4 శాతం చొప్పున మీ 500 అక్కడే అయిపోయినట్టు.

2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించిన మార్పు కూడా గుర్తుంచుకోండి. 2027 ఏప్రిల్ నుంచి వడ్డీ ఆదాయం మీద పన్ను రెండేసి శాతం పెరిగి 22, 42, 47 అవుతుంది. 65 ఏళ్లలోపు వారికి క్యాష్ ఐసా పరిమితి కూడా అప్పటినుంచి 12,000కు దిగుతుంది. మీరు చెప్పిన రెండేళ్ల గడువు ఆ తేదీని దాటుతుంది కాబట్టి తూకం కొంచెం బాండ్ల వైపు వాలుతుంది.

కృష్ణవేణి77 | 7 డిసెంబరు 2025

సుధారాణి గారూ, మాస్టారు గారూ, చాలా థాంక్స్. అత్యవసర నిధి వడ్డీతోనే 500 దాటిపోతోంది. మావారికి ఇంకా ఇక్కడ ఉద్యోగం మొదలవలేదు, డిపెండెంట్ వీసా మీద ఉన్నారు. ఆయన పేరున కూడా బాండ్లు కొంటే అవకాశాలు పెరుగుతాయా?

సుధారాణి_ఎమ్ | 7 డిసెంబరు 2025

ఆ ఒక్క మాటతో జవాబే మారిపోతుందండీ. మీవారి పేరున బాండ్లు కొనకండి, మామూలు సేవింగ్స్ ఖాతా తెరవండి.

ఆదాయం లేనివారికి వడ్డీ మీద పన్ను పడాలంటే చాలా దూరం పోవాలి. పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని ఆదాయ పరిమితి) 12,570, దాని మీద పొదుపుకు ప్రత్యేకంగా ఉన్న సున్నా రేటు 5,000, ఆపైన 1,000. మొత్తం 18,570 పౌండ్ల వడ్డీ దాకా సున్నా పన్ను. మీ 30,000 మీద వచ్చే 1,200 మొత్తం మిగులుతుంది. బాండ్లలో సగటున వచ్చే 864తో పోలిస్తే ఏడాదికి 336 ఎక్కువ, అదీ ఖాయంగా. పైగా ఆయనకు విడిగా 20,000 ఐసా కోటా ఉంది. భార్యాభర్తల మధ్య డబ్బు బదిలీకి పన్ను అడ్డం రాదు. కాకపోతే అది నిజంగా ఇచ్చేసినట్టు ఉండాలి, ఖాతా ఆయన ఒక్కరి పేరునే ఉండాలి. జాయింట్ ఖాతా అయితే హెచ్ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) సగం వడ్డీ మీ లెక్కలో వేస్తుంది.

ఆయనకు ఉద్యోగం వచ్చాక ఆ 5,000 కరిగిపోతుంది. పొదుపు కాని ఆదాయం 12,570 దాటిన ప్రతి పౌండుకూ ఒక పౌండు తగ్గి, 17,570 దగ్గర పూర్తిగా పోతుంది. అప్పుడు మళ్లీ లెక్క చూసుకోవాలి.

ఉత్తరగాలి | 7 డిసెంబరు 2025

ఒప్పుకుంటున్నాను, ఆ కోణం నేను అడగాల్సింది. ఇద్దరూ 40 శాతం వారై, ఇద్దరి ఐసాలూ నిండి ఉంటే మాత్రం నా మాట మీదే ఉంటాను. 45 శాతం వారికైతే ఇంకా గట్టిగా చెప్తాను. 2.88 వారికి పన్నుకు ముందు 5.2 శాతంతో సమానం. ఈజీ యాక్సెస్‌లో అంత ఎవరూ ఇవ్వడం లేదు.

థేమ్స్‌తీరం | 8 డిసెంబరు 2025

బాండ్లు కొనాలనే నిర్ణయం తీసుకునేవారికి తేదీల సంగతి చెప్తాను. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

కొన్న నెల తర్వాత ఒక పూర్తి క్యాలెండర్ నెల గడవాలి, ఆ తర్వాతి డ్రాలోకే ఆ బాండ్లు వెళ్తాయి. జనవరి 1న కొన్నా, జనవరి 31న కొన్నా మొదటి డ్రా మార్చిలోనే. అంటే ఒకటో తేదీన కొంటే ఒక నెల వడ్డీ ఊరికే పోగొట్టుకున్నట్టు. 30,000కు 4 శాతం లెక్కన అది 100 పౌండ్లు. కాబట్టి నెలంతా డబ్బు వడ్డీ ఖాతాలో ఉంచి నెలాఖరున కొనండి. ఆఖరి రోజు దాకా లాగకండి, 31 ఆదివారం పడితే బదిలీ మరుసటి నెలకు జారుతుంది. రెండు మూడు పనిదినాలు చేతిలో ఉంచుకోండి. స్టాండింగ్ ఆర్డర్ పెట్టేవారు 25 దరిదాపుల్లో పెట్టుకుంటే చాలు.

తీసేటప్పుడు దీనికి తలకిందులు. డ్రా నెల మొదట్లో జరుగుతుంది. నెలాఖరున తీసేస్తే ఆ నెలంతా ఉంచి కూడా డ్రా పోగొట్టుకుంటారు. ఆన్‌లైన్‌లో డబ్బు వెనక్కి అడిగేటప్పుడు 'వచ్చే డ్రా తర్వాత' అనే ఎంపిక ఉంటుంది, దాన్ని వాడండి. జనవరి చివర కొని మరుసటి ఫిబ్రవరి డ్రా అయ్యాక తీస్తే పన్నెండు డ్రాలు పూర్తిగా వస్తాయి, దాదాపు ఏ నెలా వృథా కాదు.

కనీస కొనుగోలు 25 పౌండ్లు, మనిషికి గరిష్ఠం 50,000. ఖాతా తెరిచేటప్పుడు పేరు బ్యాంకు ఖాతాలో ఎలా ఉందో అచ్చం అలాగే ఇవ్వండి. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, కొన్నిచోట్ల పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. ఆన్‌లైన్ గుర్తింపు తనిఖీ అక్కడే ఆగి, కాగితాలు పోస్టులో పంపాల్సి వస్తే నెలాఖరు దాటిపోతుంది. బహుమతులు బ్యాంకుకు రావాలా, వాటితో మళ్లీ బాండ్లు కొనాలా అన్నది కూడా మొదటే ఎంచుకోండి. ఏదీ ఎంచుకోకుండా, చిరునామా మారినప్పుడు చెప్పకుండా వదిలేసినవారి వారంట్లు (చెక్కుల్లాంటి బహుమతి పత్రాలు) పాత ఇళ్లకు పోయి, తీసుకోని బహుమతుల జాబితాలో చేరతాయి. వాటికి గడువు తీరదు. 1957 నాటి డ్రా నుంచి ఉన్నవి కూడా ఇప్పటికీ అడగొచ్చు. హోల్డర్ నంబరుతో యాప్‌లో చూసుకోవచ్చు.

గోదారిగట్టు | 8 డిసెంబరు 2025

పాత బాండ్లకు బహుమతులు రావని, ఏటా తీసేసి కొత్తవి కొనాలని చాలామంది చెప్తుంటారు. గెలిచినవారి జాబితా చూస్తే కొత్త నంబర్లే ఎక్కువ. ఇది నిజమేనా?

లెక్కలమాస్టారు | 8 డిసెంబరు 2025

జాబితాలో కొత్తవి ఎక్కువ ఉండటం నిజం, కారణం మాత్రం వేరు. గరిష్ఠ పరిమితి 2015లో 50,000కు పెరిగాక అమ్ముడుపోయిన బాండ్లు పాతవాటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎక్కువ ఉన్నవే ఎక్కువ గెలుస్తాయి. ఒక్కో బాండుకు విడిగా చూస్తే 1956 నవంబరులో కొన్నదానికీ నిరుడు కొన్నదానికీ అవకాశం ఒకటే.

గెలిచే నంబర్లు తీసే ఎర్నీ అనే యంత్రంలో బాండ్ల జాబితా అసలు ఉండదు. అది యాదృచ్ఛిక సంఖ్యలు మాత్రమే పుట్టిస్తుంది. ఆ తర్వాత వాటిని అర్హత ఉన్న బాండ్లతో సరిచూస్తారు. మొదటి ఎర్నీని డాలిస్ హిల్‌లోని పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో చేశారు. యుద్ధకాలంలో కొలోసస్ కంప్యూటర్ నిర్మించిన టామీ ఫ్లవర్స్ ఆ బృందంలో ఉన్నారు. నియాన్ గొట్టాల్లో పుట్టే విద్యుత్ రొదే దాని ఆధారం. 2019 నుంచి వాడుతున్న ఐదో ఎర్నీ కాంతి కణాల క్వాంటం ప్రవర్తన నుంచి సంఖ్యలు తీస్తుంది. నాలుగో ఎర్నీకి తొమ్మిది గంటలు పట్టిన డ్రా ఇప్పుడు 12 నిమిషాల్లో అయిపోతోంది. ప్రతి డ్రా యాదృచ్ఛికంగా జరిగిందో లేదో గవర్నమెంట్ యాక్చువరీ విభాగం స్వతంత్రంగా పరీక్షిస్తుంది.

తీసేసి మళ్లీ కొంటే జరిగేది ఒక్కటే. కొత్తవి డ్రాలోకి వచ్చేలోపు కనీసం ఒక డ్రా పోతుంది. 30,000కు సగటున 90 పౌండ్ల బహుమతి వాటా అలా వదులుకున్నట్టు. వరుస నంబర్లు మంచివని, విడివిడిగా కొంటే మంచిదని చెప్పే మాటలకు కూడా ఆధారం లేదు.

సుధారాణి_ఎమ్ | 9 డిసెంబరు 2025

పిల్లల ప్రశ్న మిగిలిపోయింది. 16 ఏళ్లలోపు వారికి పెద్దవాళ్లెవరైనా కొనొచ్చు. ఖాతా చూసుకునేది తల్లి, తండ్రి లేదా గార్డియన్. ఒక్కో బిడ్డకూ గరిష్ఠం 50,000. తల్లిదండ్రులిచ్చిన డబ్బు మీద బిడ్డ ఖాతాలో ఏడాదికి 100 పౌండ్లు దాటి వడ్డీ వస్తే ఆ మొత్తం వడ్డీ తల్లి లేదా తండ్రి ఆదాయంగా లెక్కిస్తారు. ప్రీమియం బాండ్లకు ఆ బాధ లేదు. అంతవరకు లాభమే. అయితే జూనియర్ ఐసాకూ ఆ నిబంధన వర్తించదు, ఏటా 9,000 దాకా పెట్టొచ్చు, అందులో వడ్డీ ఖాయం. 18 దాకా తీయలేకపోవడం ఒక్కటే తేడా. అది ఇబ్బంది కాకపోతే నేను జూనియర్ ఐసానే ముందు పెడతాను. తాతయ్యలు, అమ్మమ్మలు ఇచ్చిన డబ్బుకు ఆ 100 పౌండ్ల నిబంధన లేదు.

థేమ్స్‌తీరం | 9 డిసెంబరు 2025

ఇంకొన్ని సంగతులు. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వం ఇచ్చే భత్యం) తీసుకునేవారికి బాండ్లు కూడా పొదుపు కిందే లెక్క. 6,000 దాటితే ప్రతి 250కీ నెలకు 4.35 పౌండ్ల ఆదాయం ఉన్నట్టు భావించి కోత పెడతారు, 16,000 దాటితే అర్హతే పోతుంది. బాండ్లలో దాచాం కదా కనబడదని అనుకోకూడదు.

బాండ్లు వారసులకు బదిలీ కావు. మనిషి పోయాక పన్నెండు నెలల దాకా డ్రాలో ఉంచొచ్చు, ఆ తర్వాత డబ్బుగా తీసుకోవాలి. జాయింట్‌గా కొనడం కూడా కుదరదు. అందుకని హోల్డర్ నంబరు ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా రాసి ఉంచండి.

దేశం మారే ఆలోచన ఉన్నవారు గమనించాల్సింది: పన్ను లేదన్న హామీ బ్రిటన్ పన్నుకు మాత్రమే. భారత్‌లో పూర్తి రెసిడెంట్ అయ్యాక ప్రపంచంలో ఎక్కడొచ్చిన ఆదాయమైనా అక్కడ చూపాలి, బహుమతులతో సహా. బయల్దేరే ముందే తీసేసుకోవడం తేలిక. అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డువారికీ ఇక్కడ ఉన్నా అమెరికా పన్ను తప్పదు.

ఉత్తరగాలి | 9 డిసెంబరు 2025

రెండేళ్ల గడువు అన్నారు కాబట్టి ఇంకో దారి కూడా చెప్పాలి. 40 శాతం వారికి తక్కువ కూపన్ (ఏటా ఇచ్చే వడ్డీ) ఉన్న గిల్ట్‌లు, అంటే బ్రిటన్ ప్రభుత్వ రుణపత్రాలు, ప్రీమియం బాండ్లకు గట్టి పోటీ. ఉదాహరణకు 2028 జనవరి 31న గడువు తీరే 0.125 శాతం గిల్ట్. ముఖవిలువ 100, ప్రస్తుతం అంతకన్నా తక్కువకు దొరుకుతుంది, గడువు రోజున ట్రెజరీ 100 ఇస్తుంది. ఆ తేడాయే రాబడి. గిల్ట్‌ల మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. పన్ను పడేది ఏడాదికి వచ్చే ఆ 0.125 కూపన్ మీదే. గడువు దాకా ఉంచితే ఎంతొస్తుందో కొన్నరోజే తెలుస్తుంది. మధ్యలో అమ్మితే మాత్రం ఆ రోజు ధరే. కొనాలంటే షేర్ల ప్లాట్‌ఫామ్‌లో ఖాతా కావాలి, లావాదేవీ రుసుము చూసుకోవాలి, కోట్ చేసిన ధరకు కూపన్ బకాయి (అప్పటిదాకా పోగైన వడ్డీ) కలుస్తుందని గుర్తుంచుకోవాలి.

కృష్ణవేణి77 | 10 డిసెంబరు 2025

మావారి పేరున ఐసా, మిగతాది ఆయన సేవింగ్స్ ఖాతాలో పెట్టాలని అనుకుంటున్నాం. బాండ్లు ఇప్పటికి వద్దు. ఆయనకు ఉద్యోగం వచ్చాక బాండ్లకు మారాలంటే ఏ జీతం దగ్గర ఆలోచించాలి?

సుధారాణి_ఎమ్ | 10 డిసెంబరు 2025

ఐసాలో 20,000 పోతే బయట మిగిలేది 10,000, వడ్డీ 400. 20 శాతం స్లాబులో ఉన్నంతకాలం అది ఆయన 1,000 అలవెన్స్‌లోనే ఉంటుంది, బాండ్ల అవసరం రాదు. 40 శాతం స్లాబుకు, అంటే 50,270 దాటినా అలవెన్స్ 500 కాబట్టి ఆ 400 అప్పటికీ లోపలే. వచ్చే ఏప్రిల్‌లో ఇద్దరికీ కొత్త ఐసా కోటాలు వస్తాయి, ఆ 10,000 కూడా ముందు అందులోకి మార్చండి. బయటి వడ్డీ 500 దాటే రోజు వస్తే అప్పటి బహుమతి రేటును 0.8తో హెచ్చించి, అప్పటి ఖాతా వడ్డీలో పన్ను పోగా మిగిలేదానితో పోల్చి చూసుకోండి. రేటు ఏడాదిలో రెండు మూడుసార్లు మారుతోంది. 2025 జనవరిలో 4.00, ఏప్రిల్‌లో 3.80, ఆగస్టులో 3.60. కాబట్టి ఇవాళ్టి అంకెలతో అప్పటి నిర్ణయం తీసుకోకండి.